పేక ముక్కలు – లేత మనస్సులు

మన ప్రాంతంలో పేక అన్న మాట వినబడగానే పెద్దలు మొగం చిట్లిస్తారు. అందుకు వారిని తప్పుపట్టలేము. జీతాలనాటి సాయంత్రం చెట్టు క్రింద దుప్పటి పరచి కూర్చున్న పేకాట ఎన్ని ఇండ్లలో పొయ్యి వెలగనీయలేదో, కార్మిక వాడలలో పుట్టి పెరిగిన మాకు ఒకరు చెప్పనవసరం లేదు. ఆ పేకాట సెల్‌ఫోనులోనికి చేరిన తర్వాత 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసినది. ఈ స్థితిలో పేక ముక్కల వంటి కార్డులతో నడిచే ఒక రకం ఆటను గూర్చి, విద్యార్థుల మానసిక ఆరోగ్యానికి అది చేయగల మేలును గూర్చి మేము వ్రాయబూనడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చును. ఇది పందెం లేని ఆట. ఓపికతో చదివి, ఆ పిదపనే తీర్పు చెప్పవలసినదిగా కమిటీ పెద్దలను వేడుకొంటున్నాము.

ఈ ఆటల తీరు తెలియని వారి కొరకు రెండు మాటలు. 2016లో లండనుకు చెందిన నీరియల్ అనే చిన్న సంస్థ తయారు చేసిన ‘రెయిన్స్’ అనే వీడియో గేము విడుదలైనది. అందులో ఆడేవాడు రాజు. ఒక్కొక్క కార్డుపై ఒక్కొక్కరు వచ్చి ఏదో ఒకటి అడుగుతారు. కార్డును ఎడమకు జరిపితే ఒక జవాబు, కుడికి జరిపితే మరొక జవాబు. జవాబును బట్టి మతం, ప్రజ, సైన్యం, ఖజానా అనే నాలుగు కొలతలు పెరగడమో తరగడమో జరుగుతుంది. ఏ కొలత అడుగంటినా రాజు కథ ముగుస్తుంది. విచిత్రమేమనగా, ఏ కొలత పూర్తిగా నిండిపోయినా అతని కథ ముగుస్తుంది. ఖజానా పొంగిపొరలడం కూడ ప్రమాదమేనన్న ఈ నియమం మాకు మిక్కిలి నచ్చినది. ఈ ఎత్తుగడనే తీసుకొని, సింహాసనం ఉన్నచోట తరగతి బల్లను ఉంచి, రాజు స్థానంలో పదహారేండ్ల విద్యార్థిని కూర్చుండబెట్టి, సైన్యానికి ఖజానాకు బదులు నిద్ర, స్నేహం, చదువు, ఇంటివారి మెప్పు అనే కొలతలు నిలిపినామనుకొందాము. అది కౌమార దశలోని మనోవేదనను కథగా చెప్పే కార్డుల ఆట అవుతుంది. చదువు అనే కొలత అంచుదాకా నిండి, నిద్ర అనే కొలత అడుగంటిన విద్యార్థులు మన వసతి గృహాలలో ఎందరున్నారో లెక్క తీయడం కష్టమేమీ కాదు.

ఆటకు మనస్సుతో ముడిపెట్టడం పడమటివారు క్రొత్తగా కనిపెట్టినది కాదు. మన ఇండ్లలో అమ్మమ్మలు ఆడించిన వైకుంఠపాళి అటువంటిదే. సుగుణానికి నిచ్చెన, దుర్గుణానికి పాము. ఈ దేశపు సూఫీలు ఆ ఆటనే తమ మార్గానికి అనువుగా మలచుకొని నూరు గళ్ళ పటం గీసి, దానికి ‘షత్రంజుల్ ఆరిఫీన్’, అనగా జ్ఞానుల చదరంగం అని పేరుపెట్టుకొన్నారు. పేక సంగతికి వస్తే, గంజీఫా అనే గుండ్రని ముక్కల ఆట పారశీకం వైపు నుండి వచ్చి మొగలుల కొలువులో ఆదరణ పొందినది. ఆ ముక్కలపై దశావతారాలను చిత్రించి 120 ముక్కల ఆటగా చేసుకొన్నవారు ఇక్కడి హిందువులు. మనకు సమీపంలోని నిర్మల్ చిత్రకారులు ఆ గంజీఫా ముక్కలకు రంగులు దిద్దినారు. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదివే మన కళాశాలకు ఈ వారసత్వం పరాయిది కాదు. అయితే ఒక భేదం ఉన్నది. వైకుంఠపాళిలో గవ్వ ఎట్లు పడితే ఆడేవాడు అట్లు పోవలసినదే. అతని ఇష్టంతో పని లేదు. ఈ క్రొత్త కార్డులు ‘నీవైతే ఏమి చేస్తావు?’ అని అడుగుతవి. మన పిల్లలను ఆ ప్రశ్న అడిగేవారు తక్కువ.

అడుగనందువల్ల ఏమి జరుగుతుందో ఈ రాష్ట్రం ఒకసారి చూచినది. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినవి. ఆ తర్వాతి దినాలలో 20 మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణాలు తామే తీసుకొన్నారు. మంచిర్యాల జిల్లాకు చెందిన ఒక విద్యార్థినికి తెలుగులో సున్న వచ్చినట్లు చూపినారు. తిరిగి పరిశీలింపగా ఆమెకు రావలసినవి 99 మార్కులు. మంచిర్యాల అంటే మనకు గోదావరి ఆవలి ఒడ్డు. ప్రభుత్వం త్రిసభ్య సంఘాన్ని నియమించినది. తప్పినవారందరి జవాబు పత్రాలను రుసుము లేకుండ మరల పరిశీలింపజేసినది. ఆ పరిశీలనలో వేయి మందికి పైగా ఉత్తీర్ణులైనారు. పత్రికలు లెక్కల తప్పులను తీవ్రంగా విమర్శించినవి. అది వారి ధర్మం. మేము అడిగేది వేరొక ప్రశ్న. లెక్క తప్పినందువల్ల గాక, నిజంగానే తప్పిన లక్షల మంది మాట ఏమిటి? ఆ సున్న సరియైన సున్నయే అయి ఉంటే ఆ బిడ్డ దుఃఖం దుఃఖం కాకపోవునా? ఫలితం చూచుకొన్న గడియకు, ఆ మాట ఇంట్లో చెప్పవలసిన గడియకు నడుమ ఉన్న వ్యవధిలో ఆ పిల్లలు ఎవరితో మాట్లాడినారు? ఏ సంఘమూ దీనిపై నివేదిక వ్రాయజాలదు.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2021లో దేశంలో 13,089 మంది, 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకొన్నారు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ వారు 2015-16లో జరిపిన జాతీయ సర్వే 13 నుండి 17 ఏండ్ల వయస్సు వారిలో 7.3 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని తేల్చినది. నూరుమంది కూర్చున్న తరగతిలో ఏడుగురన్న మాట. వారు ఏ బల్లపై కూర్చున్నారో అధ్యాపకునికి తెలియదు, ప్రక్కనున్నవానికి తెలియదు, తరచుగా వారికే తెలియదు. ‘తల నొస్తున్నది’ అంటారు, ‘కడుపులో బాగా లేదు’ అంటారు. దిగులుకు మన ఇండ్లలో చెల్లుబాటయ్యే పేర్లు ఆ రెండే.

ఇక బొగ్గు బాయిల ఊరిలో పెరిగే పిల్లల సంగతి మరికొంత వేరు. 1960ల తొలినాళ్ళలో బాయిలు తెరచిన తర్వాత నలుదిక్కుల నుండి వచ్చిన కూలీలతో పెరిగిన ఊరు గోదావరిఖని. ఇక్కడ గడియారం షిఫ్టులను బట్టి నడుస్తుంది. రాత్రి షిఫ్టు చేసివచ్చిన తండ్రి పగలు నిద్రిస్తాడు. ఆ నిద్ర చెడితే మరునాటి రాత్రి బాయిలో ఏమవుతుందో అన్న భయంతో ఇల్లంతా గుసగుసలతో నడుస్తుంది. మాట్లాడకుండ ఉండడం ఇక్కడి పిల్లలకు పలక పట్టకముందే అబ్బే విద్య. ఉర్దూలో ఖామోషీ అన్నా తెలుగులో మౌనం అన్నా అది మన క్వార్టర్ల మాతృభాష. ఇది నిందగా అనడం లేదు. ఆ మౌనంలో ప్రేమ ఉన్నది. అయితే ఆ ప్రేమ పిల్లవానికి ఒక పాఠం కూడ నేర్పుతుంది: తన బాధ ఎంతటిదైనా ఇంకొకరి నిద్ర కంటె చిన్నదని.

మరొకటి ఉన్నది. దీనిని గూర్చి మన ఊరిలో ఎవరూ పైకి అనరు. 1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. నేడు ఆ సంఖ్య 40 వేల పరిసరాలలో ఉన్నది. ఓపెన్‌కాస్టులు పెరిగినవి, యంత్రాలు వచ్చినవి, కాంట్రాక్టు పనులు వచ్చినవి. కార్మికుని కొడుకు కార్మికుడగునన్న పాత నమ్మకం సడలినది. 2016లో వారసత్వ ఉద్యోగాలను ప్రకటించగా 2017లో ఉన్నత న్యాయస్థానం వాటిని కొట్టివేసినది. కారుణ్య నియామకం ఒక్కటి మిగిలినది. అనగా తండ్రి మరణించవలె, లేదా వైద్యుల మండలి ముందు అన్‌ఫిట్ కావలె. ఇంటర్ చదివే కుర్రవాడు ఈ లెక్కను తన మనస్సులో ఎన్నిమార్లు కూడి తీసివేస్తాడో ఆలోచింపుడు. తనకు ఉద్యోగం రావలెనని కోరుకొంటే తండ్రి ఊపిరితిత్తులు చెడవలెనని కోరుకొన్నట్లు అవుతుంది. కోరుకోకపోతే ఇల్లు ఎట్లు గడచునన్న బెంగ. ఈ ముడిని విప్పగల పాఠం మన పాఠ్య ప్రణాళికలో ఎక్కడా లేదు. చుట్టాలు వచ్చి ‘మీ బాపు ఎప్పుడు దిగిపోతడు రా?’ అని నవ్వుతూ అడుగుతారు. పిల్లవాడు కూడ నవ్వుతాడు.

ఈ మాటను మేము ఇంత విస్తరించి వ్రాయడానికి కారణం ఉన్నది. విదేశాలలో తయారైన ఆటలను యథాతథంగా తెచ్చి మన పిల్లల ముందు పెడితే సరిపోదని మా అభిప్రాయం. అయినప్పటికీ వాటిలో కొన్నింటి నుండి నేర్చుకొనదగినది ఎంతో ఉన్నది. 2020లో వచ్చిన ‘సైన్స్ ఆఫ్ ది సోజర్నర్’ అనే ఆటను చూడుడు. అందులో పోరాటం లేదు, పందెం లేదు. కార్డులన్నీ సంభాషణలే. తల్లిని కోల్పోయి ఆమె నడిపిన అంగడిని నిలబెట్టుకొనడానికి బిడారుతో ఊరూరా తిరిగే ఒక యువ వ్యక్తి కథ అది. చేతిలో పది ముక్కలు మాత్రమే ఉంటవి. ఎదుటివారి ముక్క చివరన ఉన్న గుర్తుకు మన ముక్క మొదట ఉన్న గుర్తు కలిస్తే మాట కుదిరినట్లు. కలవకపోతే మాట తప్పినట్లు. ప్రతి సంభాషణ తర్వాత ఎదుటివారి ముక్క ఒకటి తీసుకొని, మన ముక్క ఒకటి విడువవలె. దూరపు ఊళ్ళకు పోయినకొలది అక్కడి గుర్తులు మన చేతికి వస్తవి, అక్కడివారితో మాట బాగుగా కుదురుతుంది. తిరిగి ఇంటికి వచ్చేసరికి చిన్ననాటి స్నేహితునితో కుదిరే ముక్క చేతిలో ఒక్కటీ ఉండదు. ప్రయాణం దీర్ఘమైనకొలది ‘అలసట’ అనే ముక్కలు వచ్చి చేరుతవి. అవి ఎవరి గుర్తుతోనూ కలవవు.

హైదరాబాదులో కోచింగుకు పోయి సెలవులకు ఇంటికి వచ్చిన మన అన్నలు అక్కలు వాకిట కూర్చుండి ఫోను చూచుకొంటూ ఎందుకు మాట్లాడరో, ఉర్దూ మాధ్యమంలో పదవ తరగతి ముగించి ఇంగ్లీషు మాధ్యమంలో చేరిన చెల్లెలు తరగతిలో ఎందుకు నోరు విప్పదో, రాత్రి షిఫ్టు చేసిన తండ్రికి కొడుకుపై కోపం ఎందుకు అంత త్వరగా వస్తుందో, ఈ పది ముక్కల లెక్క మాకు తేటతెల్లం చేసినది. వారు మారిపోయినారని అలుగుతాము. మారినది చేతిలోని ముక్కలు. దీనిని ఉపన్యాసంలో చెప్పవచ్చును గాని, ఉపన్యాసం విని చేయి తడబడదు. ఆటలో తడబడుతుంది.

2013 నాటి ‘డిప్రెషన్ క్వెస్ట్’ మరొక విధమైనది. అందులో కార్డులు లేవు, వ్రాతయే ఉన్నది. మనోవ్యాకులతతో ఉన్న ఒక యువకుని దినచర్య అది. ప్రతి ఘట్టం చివర చేయదగిన పనుల జాబితా వస్తుంది. అన్నింటికంటె మంచి పని కంటికి కనబడుతూనే ఉంటుంది గాని, దానిపై గీత కొట్టి ఉంటుంది. ఎన్నుకొనడానికి వీలు లేదు. జబ్బు ముదిరినకొలది గీత పడిన వరుసలు పెరుగుతవి. ‘లేచి స్నానం చేసి చదువుకొన రాదా, ఎవరు వద్దన్నారు?’ అని కసరే ప్రతి తండ్రికీ, ప్రతి అధ్యాపకునికీ ఆ గీతను ఒక్కసారి చూపవలెనని మాకు కోరిక. మంచి దారి తెలియక కాదు పిల్లవాడు ఆగిపోయినది. తెలిసిన దారిపై గీత పడినందువల్ల.

ఇవి కథలు. వీటివల్ల రోగం నయమవుతుందని ఎవరూ చెప్పలేరు, మేమూ చెప్పము. చికిత్సకై తీర్చిన ఆటలు వేరే ఉన్నవి. న్యూజిలాండులోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయం వారు ‘స్పార్క్స్’ అనే ఆటను రూపొందించి 12 నుండి 19 ఏండ్ల వయస్సు గల 187 మందిపై పరీక్షించినారు. వ్యాకులతతో సహాయం కోరి వచ్చిన ఆ పిల్లలకు మామూలుగా అందే సలహా చికిత్స కంటె ఆ ఆట తీసిపోలేదని 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించినారు. మన దేశంలో గోవాకు చెందిన సంగత్ అనే సంస్థ ‘పాడ్ అడ్వెంచర్స్’ అనే ఆటను పాఠశాలల కొరకు తయారు చేసినది. సమస్యను గుర్తించడం, దారులు వెదకడం, ఒకటి ఎంచుకొని చేసి చూడడం, ఇంతే అందులోని పాఠం. పిల్లలు మొదట కథలోని పాత్రల చిక్కులు విప్పుతారు, పిదప తమ చిక్కును తీసుకొంటారు. మేము ముఖ్యంగా గమనించినది, ఆ ఆటను పిల్లల చేతికిచ్చి పెద్దలు వెళ్ళిపోలేదన్న సంగతి. తర్ఫీదు పొందిన సలహాదారు ప్రక్కన ఉండి ఆడించినారు. వారు మనోవైద్యులే కానవసరం లేదు. తర్ఫీదు పొందిన సామాన్యులే.

ఇప్పుడు మా సంకోచాలు కూడ చెప్పవలసి ఉన్నది. లేకున్న ఇది ప్రకటన అవుతుంది గాని అభిప్రాయం కాదు. రెయిన్స్‌లో రాజు మరణించినప్పుడల్లా క్రొత్త రాజు వస్తాడు. రాజు విషయంలో అది వినోదం. పదహారేండ్ల పిల్ల కథలో అటువంటి ముగింపును, అటువంటి మరల మొదలును మేము సహింపలేము. ఓటమికి శిక్షగా గాని, దుఃఖానికి ముగింపుగా గాని మరణాన్ని చూపే కార్డు ఏ ఆటలోనూ ఉండరాదు. రెండవది, మనస్సును కొలతగీతగా చూపడంలో ఒక ప్రమాదం ఉన్నది. మార్కులతోనే విసిగిన పిల్లలకు సంతోషంలో కూడ నూటికి 40 వచ్చినదని చూపితే అది మరొక మెమో అవుతుంది. మూడవది ఫోను. నిద్రను దోచుకొనే వస్తువులోనే నిద్రను గూర్చిన పాఠం పెట్టడం దొంగకు తాళంచెవి ఇచ్చినట్లు కాదా అని ఒక అధ్యాపకులు మమ్ము అడిగినారు. ఆ ప్రశ్నకు మా వద్ద మంచి జవాబు లేదు. పైగా పిల్లవాడు రాత్రి రెండు గంటలకు ఏ కార్డును ఎటు జరిపినాడో ఏదో ఒక కంపెనీ వ్రాసిపెట్టుకొనడం మాకు బొత్తిగా ఇష్టం లేదు.

కావున మేము కోరేది వీడియో గేము కాదు. కాగితపు కార్డులు. అట్టముక్కలపై మన విద్యార్థులే తెలుగులో, ఉర్దూలో వ్రాసుకొనదగినవి. ఒకవైపు ఘట్టం, మరియొకవైపు ఖాళీ. ఉదాహరణకు: ‘బాపు రాత్రి షిఫ్టు చేసివచ్చి పండుకొన్నడు. నీ చేతిలో తప్పిన సబ్జెక్టు మెమో ఉన్నది. లేపుతవా? వాకిట్ల కూసుంటవా?’ ఉర్దూ కార్డుపై బాపు స్థానంలో అబ్బా ఉంటాడు. ఘట్టం అదే. మరొకటి: ‘సెకండియర్ పరీక్షలకు నెల ఉన్నది. నిన్ను చూడడానికి సంబంధంవారు వస్తున్నరు. అమ్మకు ఏమి చెప్తవు?’ ఇంకొకటి: ‘నీ జిగిరీ దోస్తు నాలుగు దినాల నుండి ఎవరితోనూ మాట్లాడుత లేడు. తన క్రొత్త చెప్పులు నీకిచ్చి ఉంచుకోమన్నడు.’ ఈ చివరిది మేము చాల ఆలోచించి వ్రాసినది. ఇష్టమైన వస్తువులను ఉన్నట్టుండి పంచిపెట్టడం అపాయ సూచన కావచ్చునని వైద్యులు చెబుతారు. తెలిసినవాడు చెప్పులు తీసుకొని ఊరకుండడు. ఎడమ, కుడి అని రెండే జవాబులుండే పద్ధతిని కూడ మేము వదలుకొంటాము. జీవితంలో రెండు తలుపులే ఉన్నవనుకొనడమే దిగులు జబ్బు లక్షణం. వెనుకవైపు ఖాళీగా ఉంచేది మూడవ జవాబు, నాలుగవ జవాబు పదిమంది కూర్చుండి వెదకడానికి. కార్డులో ఉన్నది ‘నీవు’ గనుక, మాట్లాడేవాడు తన సంగతి చెబుతున్నాడో కార్డు సంగతి చెబుతున్నాడో ఎవరికీ తెలియదు. ఆ మరుగు మన పిల్లలకు కావలె. మొగం మీద అడిగితే ఏమీ లేదంటారు.

‘లేని ఆలోచనను మీరే పిల్లల బుర్రలో పెడతారేమో’ అన్న శంక పెద్దలకు రావచ్చును. ఇది సహజమైన శంక. అయితే ఆత్మహత్యను గూర్చి అడిగినంతమాత్రాన ఆ ఆలోచన పుడుతుందనుకొనడం అపోహయని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పినది. అడగడం వల్ల మాట బయటికి వస్తుంది. ఎట్లు చేసుకొన్నారన్న వివరాలు చర్చింపరాదన్న నియమం మాత్రం కచ్చితంగా పాటింపవలె.

ఈ విషయంలో మన ఊరికి వేరెవరూ పాఠం చెప్పనవసరం లేదని మాకనిపిస్తుంది. బాయిలో షిఫ్టు మొదలు కాకముందే పైకప్పును కర్రతో తట్టి చూస్తారు. గట్టి రాయి ఒక విధంగా పలుకుతుంది, లోపల వదులైనది డొల్లగా పలుకుతుంది. సేఫ్టీ ల్యాంపు మంటపై నీలిరంగు టోపీ కనబడితే గ్యాసు ఉన్నదని గుర్తు. ఎవరికో ఏదో జరిగిన తర్వాత గాక, ముందే, ప్రతి షిఫ్టుకూ. ఆ పరీక్ష చేయడం పిరికితనమని ఏ సర్దారూ అనడు. 2003 జూన్ 16న ఏడవ ఎల్‌ఈపీ బాయిలోకి నీరు చొరబడి 17 మంది మరణించినప్పుడు ఊరు ఊరంతా కదలినది, కారణమేమని నిలదీసినది. బాయి పైన, తరగతి గదిలో వదులైనదానిని తట్టి చూచే పనిని ఎవరికీ అప్పగించలేదు.

ఇప్పుడు అప్పగించక తప్పని స్థితి కూడ వచ్చినది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు విధించినది. నూరు మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ అర్హత గల సలహాదారును లేదా మనస్తత్వవేత్తను కనీసం ఒకరిని నియమింపవలెనన్నది వాటిలో ఒకటి. మార్కులను బట్టి విద్యార్థులను వేరు వేరు సెక్షన్లుగా విభజింపరాదన్నది మరొకటి. మన కమిటీకి నిధుల ఇబ్బంది ఉన్నదని మేమెరుగుదుము. మైనారిటీ సంస్థలకు ఏ గ్రాంటు ఎప్పుడు వస్తుందో భగవంతునికే ఎరుక. కాని మార్గదర్శకంలో నిధులున్నవారికి ఒకటి, లేనివారికి ఒకటి అని లేదు. సమీపంలోని చిన్న కళాశాలలు రెండు మూడు కలిసి ఒకే సలహాదారుతో ఏర్పాటు చేసుకొనడం ఆరంభానికి సాధ్యమే. 2022 నుండి రామగుండంలోనే ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. అక్కడి మనోవైద్య విభాగం వారిని పిలిచి మన అధ్యాపకులలో ఇద్దరికి, ఒకరు ఉర్దూ విభాగం, ఒకరు తెలుగు విభాగం, వారిలో ఒకరైనా స్త్రీ అయి ఉండేటట్లు, ప్రాథమిక తర్ఫీదు ఇప్పింపవలెనని మా విన్నపం. కార్డుల ఆట ఆ ఇద్దరి సమక్షంలోనే జరుగవలె. ఆటలో ఎవరి మాటయైనా డొల్లగా పలికితే ఆ తర్వాత వారిని ఎవరి వద్దకు తీసుకొనిపోవలెనో ముందే నిశ్చయమై ఉండవలె. తీసుకొనిపోయే దారి లేనప్పుడు కార్డు తెరవడమే అన్యాయం. ఆ పక్షంలో మేమే ఆట వద్దంటాము.

2022 అక్టోబరు నుండి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై రేయింబవళ్ళు ఏ గంటకైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును. ఆ నంబరు మన నోటీసు బోర్డుపై లేదు. ఫీజు గడువు తేది ఉన్నది, హాజరు తక్కువైనవారి జాబితా ఉన్నది. ఆ జాబితా ప్రక్కన నంబరును వ్రాయడానికి ఏ తీర్మానమూ అవసరం లేదు, ఒక సుద్దముక్క చాలును. మేమే వ్రాస్తాము, అనుమతి ఇప్పింపుడు.

అట్టలు కత్తిరించడానికి, రెండు లిపులలో వ్రాయడానికి పదునెనిమిది మంది విద్యార్థినీ విద్యార్థులు పేర్లిచ్చినారు. గ్రంథాలయం ప్రక్కనున్న పాత సామాను గది తాళంచెవి ఆఫీసులో ఉన్నది. ఇంటర్ ఫలితాలు వెలువడే దినం మామూలుగా వేసవి సెలవులలోనే వస్తుంది. ఆనాడు కళాశాల మూసి ఉంటుంది. ఆ ఒక్కనాడు మాత్రం, ఉదయం నుండి దీపాలు పెట్టే వేళ దాక, ఆ గది తెరచి, లోపల ఇద్దరు పెద్దలు కూర్చుండేటట్లు కమిటీవారు ఈ సంవత్సరమే ఏర్పాటు చేయవలెనని మా కోరిక. త్రాగడానికి చల్లని నీళ్ళు మేము తెచ్చిపెడతాము.